మామిడి పూత, జన్యువులు: అపోహలు - వాస్తవాలు

చెట్ల పూత మీద పనిచేసేవాణ్ణి కాబట్టి సంక్రాంతి దగ్గరపడితే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. ఈమధ్య రైతులు కూడా 'జన్యువు' అనే మాట వాడుతున్నారు. మంచిదే. దాని వెంట కొన్ని అపోహలు కూడా వచ్చాయి.

అపోహ: పూతకో జన్యువు ఉంటుంది, దాన్ని లేపితే చెట్టు పూసేస్తుంది.

వాస్తవం: ఈ ఆశ ఊరికే పుట్టలేదు. 1995లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క నుంచి 'లీఫీ' జన్యువును తీసి ఆస్పెన్ చెట్టులో పెట్టారు. మామూలుగా 8 నుంచి 20 ఏళ్లకు పూసే ఆ చెట్టు నెలల్లోనే పూసింది. కానీ సహజంగా వచ్చే కంకులకు బదులు ఒంటిపూలు వచ్చాయి. పూయమనే జన్యువులతో పాటు ఆగమనేవీ చెట్టులో ఉంటాయి. చిన్న వయసులో పైచేయి వాటిదే.

అపోహ: చలి తగలగానే మొగ్గ పూతకు తిరుగుతుంది.

వాస్తవం: చలిని పసిగట్టేది మొగ్గ కాదు, ఆకు. రాత్రి చలి 20 డిగ్రీల లోపుకు దిగితే మామిడి ముదురాకుల్లో 'ఎఫ్‌టీ' జన్యువు చురుగ్గా పనిచేస్తుంది. అది తయారుచేసే ప్రోటీన్ ఆకు నుంచి నాళాల గుండా మొగ్గకు చేరుతుంది. ఆకు నుంచి వచ్చే ఈ సంకేతానికి ఫ్లోరిజెన్ అని 1930ల్లోనే పేరు పెట్టారు. అది ఎఫ్‌టీ ప్రోటీనేనని గట్టి ఆధారాలు దొరికింది మాత్రం 2007లో. కొమ్మకున్న ఆకులన్నీ దూసేస్తే ఎంత చలి ఉన్నా వచ్చేది చిగురే. డిసెంబరులో లేత చిగురు చూసి రైతు దిగులుపడటం అందుకే సబబు.

అపోహ: పూత కోసం కల్టార్ మందు నేలలో పోసినా, పొటాషియం నైట్రేట్ చెట్టు మీద కొట్టినా ఒకటే.

వాస్తవం: కానే కాదు. కల్టార్‌లోని పాక్లోబ్యుట్రజాల్ చెట్టులో జిబ్బరెల్లిన్ తయారీని తగ్గిస్తుంది. పూతను ఆపే హార్మోన్ ఈ జిబ్బరెల్లినే. నైట్రేట్ పని వేరు: పూతకు సిద్ధమైన కొమ్మలో మొగ్గ విచ్చుకునేలా చేస్తుంది. కొమ్మ ముదరకుండా కొడితే డబ్బు దండగ. కల్టార్ నేలలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి మోతాదు మించితే పూతగెలలు కురచబారి గుబురు కడతాయి, కొమ్మలూ సాగవు. పక్క తోటవాళ్లు ఎంత పోశారో చూసి పోయడం నాకసలు నచ్చదు.

అపోహ: విరగకాసిన చెట్టు అలసిపోయి మరుసటేడు పూయదు.

వాస్తవం: సగం నిజం. కాయలు పెరగడానికి నిల్వ ఆహారం ఖర్చవుతుంది. దానికితోడు కాపు బరువున్న చెట్టు ఆకుల్లో ఎఫ్‌టీ పని తగ్గుతుంది. టెంకలో పెరిగే గింజ నుంచి వచ్చే జిబ్బరెల్లిన్ కూడా ఇందుకు ఒక కారణమంటారు. కాయ మోసిన కొమ్మ ఆలస్యంగా చిగురేస్తుంది, చలి వచ్చేసరికి ఆ ఆకు ముదరదు. కోత అయిన వెంటనే కొమ్మలు కత్తిరించమని మేం పోరుపెట్టేది ఇందుకే.

అపోహ: అంటు మొక్క తొందరగా పూసేది దాని జన్యువులు మారినందువల్ల.

వాస్తవం: జన్యువులేమీ మారలేదు. అంటుకట్టిన కొమ్మ అప్పటికే పూతకొచ్చిన చెట్టుది, ఆ వయసు దానితోపాటే వస్తుంది. టెంక మొక్క మాత్రం బాల్యం నుంచి మొదలుపెట్టాలి.