పేరు పోయి బిరుదులు మిగిలిన రాళ్లు

రోమన్ల కాలపు గ్రీకు గౌరవ శాసనాల సంపుటం ఏది తెరిచినా ముందు కంటికి తగిలేవి చదరపు బ్రాకెట్లే. వాటి లోపలి అక్షరాలు రాయి మీద లేవు, పరిశోధకులు పూరించినవి. 2022లో డీప్‌మైండ్ ‘ఇథాకా’ అనే కృత్రిమ మేధ నమూనాను తెచ్చాక ఈ పూరణ పనిలో యంత్రం కూడా చెయ్యి వేసింది. ఇన్ని ఖాళీలు ఎక్కడివి?

అన్నీ ఎండావానలు చేసినవి కావు. రోమ్ ఏలుబడిలో గ్రీకు నగరాలకు గవర్నర్ల, సేనానుల దయ కావలసి వచ్చింది. అందుకు విగ్రహం పెట్టాలి. పీఠం మీద ‘సభ, ప్రజలు ఫలానావారిని గౌరవించారు’ అని చెక్కించాలి. వచ్చినవాడికల్లా కొత్త విగ్రహం పోయించడమంటే ఖర్చు. రోడ్స్ ద్వీపంలో దీనికి చవక దారి దొరికింది. అప్పటికే ఉన్న విగ్రహాల్లో ఒకదాన్ని నగర అధికారి వేలితో చూపిస్తాడు, పాత పేరు గీకేసి కొత్తది చెక్కుతారు. దీని మీద ఆ కాలపు గ్రీకు వక్త డియో క్రిసోస్టోమ్ రోడ్స్ వాళ్లను ఏకిపారేసిన సుదీర్ఘ ప్రసంగం ఇప్పటికీ ఉంది. మీ విగ్రహాలు నటుల్లా పూటకో వేషం కడుతున్నాయని ఎత్తిపొడిచాడు.

ఏథెన్స్ కూడా తక్కువ తినలేదు. పర్షియాతో యుద్ధాల్లో గెలిపించిన పాత సేనానులు మిల్టియాడెస్, థెమిస్టోక్లెస్ విగ్రహాలకు ఒక రోమన్ పేరూ ఒక థ్రేసియన్ పేరూ తగిలించారని గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్ రాశాడు. ఏథెన్స్ కోటగుట్ట అక్రోపోలిస్ ఎక్కేటప్పుడు ఎడమ పక్క చాలా ఎత్తైన బూడిదరంగు పీఠం కనిపిస్తుంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పెర్గమోన్ రాజు రథ విగ్రహం కోసం కట్టింది. ఇప్పుడు దాని మీద చదవగలిగేది మాత్రం రోమన్ సేనాని మార్కస్ అగ్రిప్పా పేరు: లూసియస్ కొడుకు, మూడుసార్లు కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పదవి), ప్రజల ఉపకారి.

చక్రవర్తుల పేర్లకైనా భరోసా లేదు. క్రీ.శ. 96లో డొమిషియన్ హత్య జరిగాక ఎఫెసస్‌లోని ఆలయ పీఠాల మీద అతని పేరు గీకేసి తండ్రి వెస్పాసియన్ పేరు పెట్టారు. 267లో హెరూలీలనే జర్మానిక్ తెగవాళ్లు ఏథెన్స్ మీద పడ్డాక, కొత్త గోడకు శాసనాల రాళ్లనే ముక్కలుగా వాడేశారు. చాలాచోట్ల పాలరాయి సున్నపు బట్టీలకు పోయింది.

మిగిలిన ముక్కను చదవడానికి ఆధారం పొగడ్తల మూస. ఏథెన్స్ శాసనాల్లో అరియోపాగస్ సభ (పాత పెద్దల మండలి), నగర సభ, ప్రజలు వరసగా వస్తారు. ‘ఆరువందల సభ’ అని ఉంటే రోమన్ చక్రవర్తి హాడ్రియన్ సంస్కరణలకు ముందుది, ‘అయిదువందల సభ’ అయితే తర్వాతది. ఒక్క అంకెతో కాలం తేలిపోతుంది. పాఠంలో ఏది రాయిదో ఏది పూరణో తెలిసేలా గుర్తుల పద్ధతి 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కుదిరింది. పూరించినదానికి చదరపు బ్రాకెట్లు, ప్రాచీనులే గీకేసినదానికి జంట బ్రాకెట్లు.

ఇథాకాను పరీక్షించినప్పుడు చరిత్రకారులు సొంతంగా 25 శాతం, దాని సాయంతో 72 శాతం సరిగ్గా పూరించారు. మెచ్చుకోవలసిందే. కానీ యంత్రమైనా మనిషైనా ధీమాగా పూరించగలిగేది పదే పదే వచ్చే మూసనే. ‘సద్గుణానికి గాను’, ‘ఉపకారి’ లాంటివి ఇట్టే వస్తాయి. ఎవరి కోసం ఆ రాయి నిలబెట్టారో ఆ పేరు పూర్తిగా పోతే, వేరే శాసనంలో అదే మనిషి దొరికేదాకా ఆ బ్రాకెట్ ఖాళీగా ఉంచడమే న్యాయం.