పొద్దున లవంగం, సాయంత్రం వెనీలా

వరంగల్, హన్మకొండ ఇళ్లలో బాపు గడ్డం గీసుకున్నాక వచ్చే వాసన అంటే చాలామందికి ఓల్డ్ స్పైసే గుర్తొస్తుంది. తెల్ల సీసా, దాని మీద తెరచాప ఓడ. 1938లో షుల్టన్ అనే అమెరికా కంపెనీ దీన్ని మగవాళ్ల కోసం తెచ్చింది. రాసుకున్న నిమిషంలో ఒకలా ఉంటుంది, మధ్యాహ్నానికి ఇంకోలా అవుతుంది. ఈ మార్పు వెనక మంచి రసాయన శాస్త్రం ఉంది.

ముందు మంట సంగతి. ఆఫ్టర్ షేవ్ తగలగానే చెంప చుర్రుమంటుంది కదా. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే ప్రోటీన్ ఒకటి ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే స్పందించేస్తుంది, అంటే మన ఒంటి వేడే మనకు మంటగా తెలుస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య నడిస్తే ముక్కు, గొంతు మండేదీ ఈ ప్రోటీన్ వల్లే. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ అందుకున్నారు.

ఆల్కహాల్ ఆరిపోగానే నారింజ తొక్క వాసన గుప్పున వస్తుంది. అది లిమొనీన్. ఎక్కువసేపు ఉండదు. తర్వాత లవంగం నిలబడుతుంది, అందులోది యుజెనాల్. చివరికి మిగిలేది వెనీలా తీపి. లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, యుజెనాల్ 254 దగ్గర, వెనీలాలోని వెనిలిన్ 285 దగ్గర. ఒంటి మీద ఏదీ మరగదు గానీ, ఏది ముందు ఎగిరిపోతుందో ఈ అంకెలే చెబుతాయి.

బరువైన అణువు ఆలస్యంగా పోతుందని అంటారు. అది సగమే నిజం. ఆ తరం మగవాళ్ల సెంట్లలో విరివిగా వాడిన కౌమరిన్‌నే చూడండి. లిమొనీన్ అణుభారం 136, దీనిది 146. పెద్ద తేడా లేదు. అయినా కౌమరిన్ గంటల తరబడి ఉంటుంది. దాని అణువుల్లో ఆక్సిజన్ ఉంది, దానివల్ల అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని మామూలు వేడిలో స్ఫటికాలుగానే ఉంటాయి. లిమొనీన్‌కు ఆ పట్టు లేదు. కౌమరిన్ వాసన తెలియాలంటే బిర్యానీలో వేసే మందపాటి చెక్క ముక్క నమిలి చూడండి. ఘాటు తగ్గాక ఎండుగడ్డిలాంటి తీపి వాసన ఒకటి అడుగున మిగులుతుంది. మన కిరాణా కొట్లలో చెక్కగా దొరికేది ఎక్కువగా కాసియా అనే రకం, అందులో కౌమరిన్ బాగా ఉంటుంది. ఈ కౌమరిన్‌ను 1868లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్ కృత్రిమంగా తయారుచేశాడు. 1882లో పారిస్‌లో వచ్చిన ఫుజేర్ రాయల్ అనే సెంటులో దాన్ని వాడారు. మగవాళ్ల పరిమళాల్లో ఒక పెద్ద వంశమే అక్కడ మొదలైంది.

బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న సీసా తెరిస్తే మొదటి వాసన కాస్త పుల్లగా, వార్నిష్‌లా తగలొచ్చు. గాలి తగిలి లిమొనీన్ పాడవుతుంది. అడుగు వాసనలు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. కాబట్టి ఆ సీసాను మొదటి పీల్పుకే పారేయకండి, చేతికి రాసుకుని అరగంట ఆగండి. వెలుతురు కూడా సెంటును చెడగొడుతుంది, అందుకే తెల్లని సీసా అందానికే కాదు, కాపలాకు కూడా పనికొస్తుంది.

మన ఎండలు వేరే లెక్క. పది డిగ్రీలు పెరిగితే లిమొనీన్ ఆవిరయ్యే జోరు దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో నారింజ వాసన ఇలా వచ్చి అలా పోతుంది. చలికాలంలో పొడిబారిన చర్మం మీద కూడా సెంటు నిలవదు, ఎందుకంటే ఈ అణువులు జిడ్డులో కరిగి ఆగుతాయి. కాస్త కొబ్బరినూనె రాసి దాని మీద వేసుకుంటే తేడా తెలుస్తుంది. చందనం నూనెలో తీసిన అత్తరు గంటల తరబడి ఉండటానికీ కారణం ఇదే: నూనె పట్టి ఉంచుతుంది, ఎగరేసుకుపోవడానికి ఆల్కహాల్ ఉండదు.

ఇంకో మాట. కాసేపటికి మన సెంటు మనకే తెలియదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఎదుటివాళ్లకు మాత్రం బాగానే తెలుస్తుంటుంది. పెళ్లికి బయల్దేరే ముందు పోయిందేమో అనిపించి మళ్లీ చల్లుకోవాల్సిన పని లేదు.