న్యూట్రాన్‌ను సగానికి కోస్తారా?

సిరీ, బిడ్డా,

మొన్న పండగనాడు గరిజె కొరుకుతూ నువ్వడిగినదానికి "రేపు చెప్తా" అని తప్పించుకున్నాను. తాతకు తెలియదేమోనని నీకు అనుమానం వచ్చింది, నేను గమనించాను. అందుకే ఈ ఉత్తరం. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

నువ్వడిగింది ఇదీ: "క్లోరిన్ పరమాణు భారం 35.5. ప్రోటాన్లు 17. తీసేస్తే 18.5 మిగులుతుంది. న్యూట్రాన్‌ను సగానికి కోస్తారా తాతా?"

కొయ్యరు. ఆ అర ఎక్కడినుంచి వచ్చిందో నీ చేతిలోని గరిజెతోనే చెప్తాను.

నా చిన్నప్పుడు సంక్రాంతికి మా అవ్వ పెద్ద డేక్సా నిండా గరిజెలు చేసేది. మొదట్లో చెయ్యి ధారాళం, లోపల పుట్నాలు, చక్కెర కలిపిన పొడి దండిగా పెట్టేది. పిండి ఇంకా మిగిలి ఉండగానే పొడి అడుగంటేది, చివరి గరిజెలకు చెంచాడే దక్కేది. పైకి మాత్రం అన్నీ ఒక్కతీరే: అదే గోటి మడత, అదే ఎరుపు. నేను కనిపెట్టిన విద్య ఏమిటంటే, గరిజెను అరచేతిలో పెట్టుకుని కొంచెం ఎగరేసి చూడటం. బరువైనది జేబులోకి, తేలికది మళ్లీ డేక్సాలోకి. ఒకరోజు అవ్వ చూడనే చూసింది. కొట్టలేదు. "తూకం చూసి తినేటోనికి ఆకలి లేనట్టేరా" అంది. అరవై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. మీరూ పళ్లెంలో ఏరుకోకండి.

సరే, పరమాణువు కూడా గరిజెనే అనుకో. పైన పిండి పొర ఎలక్ట్రాన్లు. లోపల పుట్నాలు ప్రోటాన్లు, చక్కెర పలుకులు న్యూట్రాన్లు. పేరు పెట్టేది పుట్నాలు. 17 పుట్నాలుంటే అది క్లోరిన్, 18 అయితే ఆర్గాన్, ఇక వేరే వంటకమే. చక్కెర మాత్రం కొన్నింట్లో 18 పలుకులు, కొన్నింట్లో 20. అంటే పుట్నాలు, చక్కెర కలిపితే ఒకటి 35 బరువు, ఇంకొకటి 37. పొర రెండింటికీ ఒకటే కాబట్టి రెండూ సోడియంతో ఒకేలా కలిసి ఉప్పవుతాయి. మీ నల్లా నీళ్లలో వచ్చే క్లోరిన్ వాసనలో రెండూ ఉన్నాయి, నీ ముక్కు వాటిని విడదీయలేదు.

నాలుగు క్లోరిన్ గరిజెలు తీస్తే సుమారుగా మూడు 35వి, ఒకటి 37ది. కూడితే 142. నాలుగుతో భాగించు. వచ్చిందా నీ 35.5? ఇంకా సూక్ష్మంగా లెక్కిస్తే 35.45. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు మాత్రం లోకంలో ఒక్కటీ లేదు. మీ క్లాసు సరాసరి మార్కులు చూసి మీ సారు మిమ్మల్నందరినీ తిట్టడం లాంటిదే ఇది.

ఒకే మూలకంలోని ఇలాంటి రకాలనే ఐసోటోపులంటారు. గ్లాస్గోలో ఒక విందులో మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ ఫ్రెడరిక్ సాడీ అనే శాస్త్రవేత్తకు ఈ పేరు సూచించింది. ఆయన 1913లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో "ఒకే చోటు" అని అర్థం. ఆవర్తన పట్టికలో ఒకే గడిలో కూర్చుంటాయి కదా.

మరి ఎగరేసి చూసిందెవరు? 1919లో కేంబ్రిడ్జ్‌లో ఆస్టన్ అనే శాస్త్రవేత్త. పరమాణువులకు విద్యుదావేశమిచ్చి అయస్కాంతం పక్కనుంచి విసిరితే తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. అవ్వ చాటలో చెరిగితే పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు పడ్డట్టు. క్లోరిన్‌ను చెరిగితే 35 దగ్గర ఒక గీత, 37 దగ్గర ఒక గీత పడ్డాయి, 35.5 దగ్గర ఏమీ లేదు. తమాషా ఏమిటంటే, ఆ చక్కెర పలుకు, అదే న్యూట్రాన్, చాడ్విక్ అనే ఇంకో శాస్త్రవేత్తకు దొరికింది 1932లో. లోపలేముందో తెలియకముందే తూచేశారన్నమాట.

నా గరిజె ఇక్కడిదాకా బాగానే నడిచింది. నిజానికి పరమాణువు ఉప్పల్ స్టేడియమంత ఉంటే లోపలి పుట్నాలు, చక్కెర అంతా కలిపి బఠాణీ గింజంత. అయినా బరువు దాదాపు మొత్తం ఆ గింజదే. అలాంటి గరిజె అవ్వ చేసి ఉంటే నేను ఏడ్చేవాణ్ణి.

హైడ్రోజన్ సంగతి కొంచెం వేరు. ఒక్క పుట్నా, చక్కెర సున్నా. అందులో ఒక్క పలుకు చేరినా బరువు రెట్టింపు. అలాంటి హైడ్రోజన్‌తో అయిన నీళ్లే భారజలం. మన మణుగూరులో గోదావరి నీళ్లలోంచి దాన్ని వేరు చేస్తారు. దాన్ని గడ్డకట్టించి మామూలు నీళ్ల గ్లాసులో వేస్తే ఆ ఐసు ముక్క మునుగుతుంది!

కొన్ని గరిజెలు నూనెలో నోరు తెరుస్తాయి చూడు, ఐసోటోపుల్లోనూ అలా నిలవలేనివి ఉన్నాయి. గరిజె వెంటనే పగులుతుంది, ఇవి తీరిగ్గా. గుప్పెడు కార్బన్-14లో సగం మారడానికి 5,730 ఏళ్లు. యురేనియం-238లో సగం సీసమవడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు. సగమెప్పుడో చెప్పగలం కానీ, ఫలానా పరమాణువు ఎప్పుడు పగులుతుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. అదెందుకో నన్నడగకు. నేనూ ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

రాళ్లలో ఆ సీసమెంత, మిగిలిన యురేనియమెంత అని కొలిచే రాళ్ల వయసు చెబుతారు. మన హైదరాబాద్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆదివారం మౌలాలి గుట్టకు పోదాం. బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు మాట్లాడకుండా కూర్చో. లోపల ఎక్కడో ఇప్పుడు కూడా ఒకటి పగులుతూ ఉంటుంది.

పొద్దున ఆరింటికల్లా తయారుగా ఉండు. ఎండెక్కితే బండ కాలుతుంది.

మీ తాత