అడగడం ముందా, గీత గీయడం ముందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆదివాసులకూ బయటివాళ్లకూ గొడవలెందుకొస్తాయని అడిగారు కదా. రాళ్లు పడ్డ రోజున అది పేపర్లోకి ఎక్కుతుంది. కానీ గనికో, ఆనకట్టకో ఆఫీసులో కూర్చుని మ్యాపు మీద గీత గీసేసి, తర్వాత ఊరివాళ్లను అడగడానికి వెళ్లిన రోజే అది మొదలైంది.

2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసుల హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి, 4 వద్దన్నాయి. వాళ్ల నేలమీద ఏ ప్రాజెక్టు తలపెట్టినా ముందుగా, బలవంతం లేకుండా, అన్నీ తెలియజెప్పి సమ్మతి తీసుకోవాలంటుంది అందులోని 32వ అధికరణం.

చిక్కంతా అడిగే తీరులోనే ఉంది. కోతల రోజుల్లో పట్నంలో మీటింగ్ పెట్టి, రాని భాషలో లావుపాటి రిపోర్టు చేతికిచ్చి, ఒక్క పెద్దమనిషి చేత సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి కాదు. వాళ్ల ఊళ్లోనే, వాళ్ల భాషలోనే చెప్పాలి. ఆడవాళ్లతో, ముసలివాళ్లతో కలిసి నడిచి నీటి ఊటలూ, దేవతలుండే చోట్లూ మ్యాపులో ఎక్కించాలి. ఆ తర్వాత బయటివాళ్లు వెళ్లిపోవాలి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవాలి. రాసుకున్నది చదివి వినిపించాకే సంతకాలు.

వద్దన్నా అదీ జవాబే. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. మరుసటి ఏడు కేంద్రం అనుమతి నిరాకరించింది.

సంతకాలు అయ్యాక కూడా పని చెడుతుంది. ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్ చూడండి. 46,000 ఏళ్ల కిందటే మనుషులున్న రాతి గుహలవి. 2013లో చట్టప్రకారం వాటిని తొలగించడానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడు తవ్వితే సుమారు 4,000 ఏళ్లనాటి జడముక్క దొరికింది. డీఎన్‌ఏ పరీక్షలో అది అక్కడి ఆదివాసుల పూర్వీకులదని తేలింది. అయినా కొత్త సంగతి బయటపడితే అనుమతిని తిరిగి చూసే దారి ఆ చట్టంలో అప్పట్లో లేదు. 2020 మేలో రియో టింటో అనే గనుల కంపెనీ ఆ గుహలను పేల్చేసింది. చట్టం తప్పలేదు, నమ్మకం మాత్రం పోయింది. కంపెనీ అధిపతి తన పదవి వదులుకోవాల్సి వచ్చింది. అందుకే ఏ ఒప్పందంలోనైనా మళ్లీ తెరిచి మాట్లాడుకునే షరతు రాసుకోవాలి.

ఇక గొడవ ముదిరాక అయితే ముందు యంత్రాలు ఆపాలి. ఒకపక్క తవ్వుతూ ఇంకోపక్క చర్చలంటే ఎవరు నమ్ముతారు? ఇరువైపులా ఒప్పుకున్న మధ్యవర్తిని పెట్టుకోవాలి. ఫిర్యాదు ఎవరికివ్వాలి, ఎన్నాళ్లలో జవాబు రావాలన్నది కాగితం మీద ఉండాలి. ఒకడు చేసిన తప్పును జాతి మొత్తానికి అంటగట్టే మాట మీ క్లాసులో ఎవరన్నా అంటే, అక్కడికక్కడే ఆపండి.

మీ తాతయ్య