అక్యూవెదర్: తగువు 2019లో మొదలవలేదు

ఎండలు ముదిరి వడగాలుల హెచ్చరికలు మొదలైతే చాలు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాతావరణ యాప్ అక్యూవెదర్ మీద చర్చ మళ్ళీ లేస్తోంది. జీడిపిక్కలు ఆరబెట్టాలా, లోపల పెట్టాలా అన్నది ఫోన్‌లో అక్యూవెదర్ చూసి తేల్చుకునేవాళ్ళు ఉద్దానంలో చాలామందే ఉన్నారు. భూమి వేడెక్కడంలో మనిషి పాత్ర గురించి ఆ కంపెనీ ఏమంటోందన్నదే తగువు. 1962లో అమెరికాలో ఆ కంపెనీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అన్న కథ ఇక్కడ అవసరం లేదు.

అందరూ ఎత్తి చూపేది 2019 ఆగస్టు నాటి వ్యాసాన్ని. వ్యవస్థాపకుడు జోయెల్ మయర్స్ రాసింది. సగటు ఉష్ణోగ్రతలు పెరిగాయని ఒప్పుకుంటూనే, వాతావరణ మార్పు వల్ల తీవ్రమైన వడగాలులు ఎక్కువవుతున్నాయనడానికి ఇంతవరకూ ఆధారం లేదన్నారాయన. 1930లలో అమెరికాలో నమోదైన రికార్డు ఎండల్ని సాక్ష్యంగా చూపారు. అవి భయంకరమైన కరువు రోజులు. ఎండిపోయిన నేలలు ఆ వేడిని ఇంకా పెంచాయి. ఒక దేశంలో, ఒక దశాబ్దంలో పడిన రికార్డులు ప్రపంచమంతటి లెక్కకు జవాబు కావు. శాస్త్రవేత్తలు అప్పుడే ఆ మాట అన్నారు.

కానీ అసలు మలుపు అంతకు పాతికేళ్ళ ముందుది. 1990ల మధ్యలో అక్యూవెదర్ ఒక నివేదిక తయారుచేసింది. తుపానులు, సుడిగాలులు, విపరీతమైన ఎండలు, వానలు పెరుగుతున్నాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని అందులో తేల్చింది. దాన్ని రాయించుకున్నది గ్లోబల్ క్లైమేట్ కొయిలిషన్. చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కర్బన ఉద్గారాలపై ఆంక్షలు రాకుండా 1989లో పెట్టుకున్న కూటమి అది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు వేడిని పట్టి ఉంచడం, అంటే గ్రీన్‌హౌస్ ప్రభావానికి ఉన్న శాస్త్రీయ పునాదిని కాదనలేమని ఆ కూటమి సొంత నిపుణులే 1995లో లోపలి పత్రంలో రాసుకున్నారు. ఆ సంగతి 2009లో గానీ బయటపడలేదు. బయటికి చెప్పింది ఒకటి, లోపల తెలిసింది ఇంకొకటి. ఆ బయటి మాటకు వాన కబురు చెప్పే కంపెనీ పేరు తోడైంది. జనం రోజూ నమ్మే పేరు కాబట్టే అది ఆ కూటమికి పనికొచ్చింది.

తర్వాతి కథ చకచకా చెప్పుకోవచ్చు. మనిషి వల్లే వేడెక్కుతోందన్న వాదనను గట్టిగా ఎదిరించిన జో బస్టార్డీ 2011 దాకా ఆ కంపెనీలోనే ఉన్నారు. 2017లో అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా అధిపతి పదవికి జోయెల్ తమ్ముడు, అప్పటి అక్యూవెదర్ సీఈఓ బ్యారీ మయర్స్ పేరు వచ్చింది. ఈ మార్పుకు ప్రధాన కారణం మనిషేనన్న ప్రభుత్వ నివేదికతో ఏకీభవిస్తున్నానని ఆయన సెనేట్ ముందు చెప్పారు. కంపెనీని సమర్థించేవాళ్ళు ఈ మాటనే చూపిస్తారు. రెండేళ్ళకే అన్నగారి వ్యాసం వచ్చింది.

రేపటి వాన చెప్పడం వేరు, యాభై ఏళ్ళ మార్పు గురించి మాట్లాడడం వేరు అన్నది కంపెనీని సమర్థించేవాళ్ళ ఇంకో వాదన. యాప్ అంచనా వరకూ అది నిజమే. అయితే రేపటి వాతావరణాన్ని లెక్కగట్టే మోడళ్ళలోనూ కార్బన్ డయాక్సైడ్ వేడిని ఎలా పట్టి ఉంచుతుందన్న భౌతికశాస్త్రమే ఉంటుంది. అదే శాస్త్రాన్ని ఒకచోట వాడుకుని ఇంకోచోట అనుమానించడం ఎలా కుదురుతుంది?

1990ల నాటి ఆ నివేదిక మన తీరానికి ఎందుకు ముఖ్యమంటే, అందులో తుపానుల మాట ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. పలాస, వజ్రపుకొత్తూరు వైపు తిత్లీ తీరం దాటిన తెల్లవారుజామున కొబ్బరి చెట్లు మొవ్వలు విరిగి కూలిపోయాయి. జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక చూడండి: 1951 నుంచి ఉత్తర హిందూ మహాసముద్రంలో మొత్తం తుపానుల సంఖ్య తగ్గింది. కానీ 2000 తర్వాత రుతుపవనాలు వెళ్ళిపోయాక వచ్చే అతి తీవ్ర తుపానులు పెరిగాయి. సముద్రం ఉపరితలం వేడెక్కింది.

2019 వ్యాసం మీద వివరణ అడిగేవాళ్ళు ఆ పాత నివేదిక సంగతి కూడా అడగాలి. దానికి డబ్బు ఎవరిచ్చారో, అందులో తేల్చిన మాటల్లో దేనికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నారో అక్యూవెదర్ తన యాప్‌లోనే రాయొచ్చు.