‘ఇది పిల్లల బండ్ల ఆట కదా!’: కార్ట్ రేసింగ్‌పై అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో గేమింగ్ కన్సోళ్లు అమ్మే, బాగుచేసే, పండుగ సెలవులకు అద్దెకిచ్చే దుకాణం నాది. ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆట కావాలని వచ్చినవాళ్లకు, కార్టూన్ పాత్రలు చిన్న బండ్లలో పోటీపడే మారియో కార్ట్ చూపిస్తే ముఖం చిట్లిస్తారు. ‘ఇది పిల్లల బండ్ల ఆట కదా, అసలైన కారులా ఉండేది ఇవ్వండి’ అంటారు. దసరా దగ్గరపడితే ఈ మాట వినని రోజు ఉండదు. చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బొమ్మలు కార్టూన్‌లా ఉంటే చిన్నపిల్లల ఆట. కారు నిజంగా ఉన్నట్టు కనిపిస్తేనే పెట్టిన డబ్బుకు విలువ.

ఇంతగా జేబుకు చిల్లు పెట్టే అపోహ ఇంకొకటి లేదు. ఆ అసలైన కార్ల ఆటలు గొప్పవే, కాదనను. కానీ అవి ఒంటరిగా కూర్చుని, ఒకే మలుపును పదేపదే సాధన చేసేవాళ్ల కోసం తయారైనవి. ఇంట్లో పెద్దబ్బాయి నాలుగు రోజులు ఆడతాడు. చెల్లెలు మొదటి మలుపులోనే గోడకు గుద్ది కంట్రోలర్ పక్కన పెట్టేస్తుంది. అమ్మానాన్నలు దగ్గరికే రారు. కొన్నాళ్లకు ఆ కన్సోల్ సగం ధరకు నా దగ్గరికే వస్తుంది. రెండో కంట్రోలర్ మీద ప్లాస్టిక్ కవరైనా చిరిగి ఉండదు. స్టీరింగ్, పెడళ్లు కూడా కొన్నవాళ్ల నష్టం గురించి చెప్పనే అక్కర్లేదు.

కార్ట్ రేసింగ్ పుట్టుకే వేరు. 1990లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన ఎఫ్-జీరో ఒక్కరే ఆడే రేసింగ్ ఆట. అలాంటిది ఒకే టీవీ మీద ఇద్దరు కలిసి ఆడేలా చేయాలని ప్రయత్నించినప్పుడు, తెరను రెండు ముక్కలు చేస్తే అంత వేగమూ, అంత పొడవాటి దారులూ ఆనాటి యంత్రానికి మోయలేని బరువయ్యాయి. దారులు కుదించి మలుపులు పెంచారు, దానికి తగ్గట్టు చిన్న బండ్లు తెచ్చారు. నింటెండో ఆటల హీరో మారియో అందులోకి వచ్చింది ఆ తర్వాతే. అదే 1992 నాటి సూపర్ మారియో కార్ట్. పక్కన ఇంకొకరు కూర్చోవాలన్న కోరిక నుంచే ఈ ఆట మొదలైంది.

కాజీపేటలో రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన ఉన్నారు. అమెరికా నుంచి మనవలు వస్తున్నారని కన్సోల్ అద్దెకు తీసుకున్నారు. నింటెండో స్విచ్ కన్సోల్ మీద ఆడే మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సెలరేట్ అని రెండు సదుపాయాలున్నాయి. మొదటిది బండిని దారి తప్పనివ్వదు, రెండోది గ్యాస్ బటన్ నొక్కి పట్టుకునే పని లేకుండా చేస్తుంది. రెండూ పెట్టి పంపాను. వారం తిరగకుండానే దుకాణానికి వచ్చి, మలుపులో మనవడి చక్రాల దగ్గర గులాబీ రంగు నిప్పురవ్వలు ఎలా వస్తున్నాయని ఆరా తీశారు! స్మార్ట్ స్టీరింగ్ ఉన్నంతసేపు బండికి అదనపు వేగమిచ్చే ఆ రవ్వలు రావని, కొన్ని అడ్డదారులు కూడా దొరకవని చెప్పాను. అక్కడే నిలబడి అది ఎలా తీసేయాలో నేర్చుకుని వెళ్లారు. ఆ మనవడి సంగతి ఏమైందో మరి.

దీన్నిబట్టే రెండో అపోహకూ జవాబు దొరుకుతుంది: ‘అంతా అదృష్టమే, నేర్పుతో పనిలేదు.’ వెనకబడ్డవారికి మంచి ఆయుధాలు దొరుకుతాయన్నది నిజం. 8 డీలక్స్‌లో మొదటి బండికి ఎంత దూరంలో ఉన్నామన్నదాన్ని బట్టి, దారిలో దొరికే పెట్టెలో వస్తువు మారుతుంది. ముందున్నవారికి నాణేలు, అరటితొక్కలు. బాగా వెనక ఉన్నవారికి నక్షత్రం, బుల్లెట్, పిడుగు. నీలి షెల్ (తాబేలు డిప్ప) అయితే నేరుగా మొదటి స్థానంలో ఉన్నవారి మీదికే వెళుతుంది. అయినా ఆడటం వచ్చినవారే ఎక్కువసార్లు గెలుస్తారు. మలుపులో డ్రిఫ్ట్, అంటే బండిని పక్కకు జార్చడం, ఎంతసేపు పట్టి ఉంచాలో (నీలం, నారింజ, గులాబీ రవ్వలు వరుసగా వస్తాయి), అరటితొక్కను వెనక పట్టుకుని ఎర్ర షెల్‌ను ఎలా అడ్డుకోవాలో, పది నాణేలు పోగేస్తే వేగం ఎంత పెరుగుతుందో వాళ్లకు తెలుసు. ఓడినవాడికి తిట్టుకోవడానికి ఒక నీలి షెల్ దొరుకుతుంది, అంతే. పందెం మూడు నిమిషాల్లోపే ముగుస్తుంది కాబట్టి అలక కూడా అంతసేపే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నలుగురికి నాలుగు గేములు కొనాలా? వద్దు, ఒక కన్సోల్, ఒక గేమ్ కార్ట్రిడ్జ్ చాలు. ఇంట్లోవాళ్లు కలిసి ఆడటానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. స్విచ్‌కు ఉండే ఒక జత చిన్న కంట్రోలర్లను (జాయ్‌కాన్‌లను) విడదీసి అడ్డంగా పట్టుకుంటే ఇద్దరికి సరిపోతాయి. ముగ్గురు, నలుగురు ఆడేటప్పుడు బొమ్మ కాస్త తడబడినట్టుంటే బెంగపడకండి, తెర మీద సెకనుకు మారే బొమ్మలు (ఫ్రేములు) 60 నుంచి 30కి తగ్గుతాయి. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన స్విచ్ కన్సోల్ మన కరెంటుకు కాలిపోతుందని ట్రాన్స్‌ఫార్మర్ కొనకండి. అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉంటుంది, ప్లగ్ మార్చే పిన్ను ఉంటే చాలు. ఇంట్లో ప్లేస్టేషన్ 4 ఉంటే వేరే కన్సోలే వద్దు. 2019లో వచ్చిన క్రాష్ టీమ్ రేసింగ్ నైట్రో-ఫ్యూయల్డ్ అనే కార్ట్ ఆటను దాని మీద నలుగురు ఆడొచ్చు.

‘ఇది ఆడితే రేపు రోడ్డు మీద కూడా ఇలాగే నడుపుతాడేమో’ అని అడిగే తల్లులున్నారు. మన హైవేల మీద జరుగుతున్నవి రోజూ చదువుతూ ఆ భయాన్ని నవ్వి కొట్టిపారేయలేను. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: స్కూటీ తాళాలు పిల్లలకు అందకుండా పెట్టండి. ఆటకు వేళ కావాలంటే స్విచ్‌కు పేరెంటల్ కంట్రోల్స్ యాప్ ఉంది, రోజుకు ఎంతసేపో మీ ఫోనులోనే నిర్ణయించవచ్చు.

ఇక ‘నొక్కిన కాసేపటికి గానీ బండి తిరగట్లేదు, కంట్రోలర్ పోయింది’ అని జనగామ నుంచి, ములుగు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకు ఒక మనవి. చాలాసార్లు ఆలస్యం టీవీది. బొమ్మకు మెరుగులు దిద్దుతూ అది వెనకబడుతుంది. రిమోట్‌తో పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ పెట్టండి. అప్పటికీ అలాగే ఉంటే తీసుకురండి, విప్పి చూస్తాను.