వెనక బ్రేక్ పట్టేస్తే తప్పు కాలిపర్‌దేనా? అపోహలు - వాస్తవాలు

కారు దిగగానే కాలిన వాసన వస్తుంది. వెనక చక్రాల్లో ఒకదాని దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతుంది, రెండోది మామూలుగానే ఉంటుంది. న్యూట్రల్‌లో పెట్టి తోస్తే బండి బరువుగా కదులుతుంది. వెనక డిస్క్ బ్రేకులున్న కారు ఇలా షెడ్డుకు వచ్చిందంటే యజమాని ముందే తీర్పు చెప్పేస్తారు: కాలిపర్ పోయింది, కొత్తది వేయండి. అంత తొందర వద్దు. (చక్రంతో తిరిగే డిస్కును రెండు పక్కల నుంచి ప్యాడ్లతో బిగించి పట్టేదే కాలిపర్.) (ఇక్కడ చెప్పేది హ్యాండ్ బ్రేక్ లివరు కాలిపర్ మీదే ఉండే రకం గురించి. డ్రమ్ముల సంగతి వేరు.)

అపోహ: పట్టేసిందంటే కాలిపర్ మార్చాల్సిందే.

ఏ భాగం పట్టుకుందో తెలియకుండా ఏదీ కొనకండి. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని లేపి స్టాండు మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరవద్దు. హ్యాండ్ బ్రేక్ దించి చక్రం చేత్తో తిప్పండి. తిరగకపోతే మొదట కాలిపర్ లివరు నుంచి కేబుల్ ఊడదీయండి. అప్పుడు చక్రం వదులైతే కాలిపర్ తప్పేమీ లేదు, కేబుల్ తొడుగులోకి నీరు చేరి లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది, లేదా కేబుల్‌ను మరీ బిగించి ఉంటారు. ఇంకా పట్టుకునే ఉంటే కాలిపర్ మీది బ్లీడర్ నిపిల్‌ను (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మూతిని) కాస్త వదులు చేయండి. కొద్దిగా బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందంటే లైనులో ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం.

పాతబడిన రబ్బరు హోసు (కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే గొట్టం) చేసే పని ఇది. పైకి నిక్షేపంగా కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం ఉబ్బి దారి మూస్తుంది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ ఎలాగో కాలిపర్‌లోకి వెళ్తుంది. తిరిగి రావడానికి ఆ బలం ఉండదు. డిస్కు నుంచి పిస్టన్‌ను (ప్యాడును డిస్కు మీదకు నెట్టే భాగాన్ని) వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ లేదు మరి. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీలు తొక్కినప్పుడు వంగుతుంది, వదిలినప్పుడు నిటారవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే.

నిపిల్ విప్పినా చక్రం కదలకపోతే అప్పుడు పిస్టన్, స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జారేందుకు ఆధారమైన కడ్డీలు), ప్యాడ్లు ఒక్కొక్కటే చూడాలి. లోపలి ప్యాడు బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే నేను ముందు చూసేది స్లైడ్ పిన్నులనే.

అపోహ: హ్యాండ్ బ్రేక్ ఎక్కువ పైకి లేస్తోంది, కేబుల్ బిగిస్తే సరిపోతుంది.

బాగున్న బ్రేకును చెడగొట్టేది ఈ పనే. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ ఖాళీని పూడ్చే ఏర్పాటు ఈ కాలిపర్ లోపలే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు కాలిపర్ మీది లివరు పూర్తిగా వెనక్కి వెళ్లి స్టాపుకు (దాన్ని ఆపే గుబ్బకు) ఆనుకుంటేనే అది సరిగా పనిచేస్తుంది. కేబుల్ బిగించేస్తే లివరు మధ్యలోనే ఆగిపోతుంది. సర్దుబాటు కుంటుపడుతుంది, ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. కొన్నాళ్లకు హ్యాండ్ బ్రేక్ మళ్లీ పైకి లేస్తుంది, మరొకరు మరో రెండు చుట్లు బిగిస్తారు. కింద లివరు స్టాపుకు తగులుతోందో లేదో చూడకుండా సీట్ల మధ్య కేబుల్ బిగించే నట్టు మీద స్పానరు పెట్టే మెకానిక్‌కు బండి ఇవ్వకండి.

కాలిపర్ మీది లివరును చేత్తో లాగి వదిలి చూడండి. టక్కున వెనక్కి కొట్టాలి. బద్ధకంగా వస్తే లివరు తిరిగే షాఫ్టు దగ్గరి సీలు చిరిగి తుప్పు చేరినట్టే. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల ఉప్పుగాలి దీనికి మంచి మేత. పైన నూనె చుక్కలు వేస్తే కొన్నాళ్లు ఆడి మళ్లీ బిగుసుకుంటుంది. ఇలాంటప్పుడు మాత్రం కాలిపర్ మార్చమనే అంటాను.

అపోహ: కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు సి-క్లాంపుతో (స్క్రూ తిప్పి బిగించే పట్టుతో) పిస్టన్ నొక్కేయవచ్చు.

మామూలుగా ముందు చక్రాలకు చెల్లుతుంది. వెనక పిస్టన్ లోపల మర (స్క్రూ చుట్లు) ఉంటుంది, దాని ముఖం మీద గాడులు ఉండేది అందుకే. వాటిలో టూలు పట్టించి నొక్కుతూ తిప్పాలి. ఎక్కువ బండ్లలో గడియారం ముల్లు తిరిగే వైపు, కొన్నింటిలో ఒక పక్క ఎదురు దిశలో. బలవంతంగా నొక్కితే లోపలి మర పాడై, ప్యాడ్లతో పోయే ఖర్చు కాలిపర్ దాకా వెళ్తుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు అయితే స్కానర్‌తో గానీ, తయారీ సంస్థ చెప్పిన మరో పద్ధతిలో గానీ సర్వీస్ మోడ్‌లో పెట్టాకే పిస్టన్ ముట్టుకోవాలి.

అపోహ: గ్రీజు ఏదైనా గ్రీజే.

పిన్నులకు బేరింగ్ గ్రీజు పూసిన బండ్లు వస్తూనే ఉంటాయి. పెట్రోలియం నూనెలు తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బుతాయి, జారాల్సిన పిన్ను ఇరుక్కుపోతుంది. కిరోసిన్, డీజిల్‌తో కడిగినా అదే గతి. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు వాడండి, అదీ పలచగా. పిన్నును కప్పే రబ్బరు బూటు నిండా కుక్కితే లోపల గాలి చిక్కి పిన్ను వెనక్కి తన్నుతుంది. కొన్ని బండ్లలో ఒక పిన్ను కొనకు రబ్బరు తొడుగు ఉంటుంది, ఏది పైది, ఏది కిందిదో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

అపోహ: బండి పక్కకు లాగడం లేదు కదా, నెమ్మదిగా నడిపితే చాలు.

వెనక చక్రాలకు స్టీరింగుతో సంబంధం లేదు కనుక పట్టేసినా లాగడం అంతగా తెలియదు. వేడి మాత్రం ఆగదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పీల్చాక ఉండాల్సిన కనీసం 155 మాత్రమే. పాత ఆయిలు, కాలుతున్న కాలిపర్ కలిస్తే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి పెడల్ నేలకు తగులుతుంది. ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్లు పోయడం ఇంకో పొరపాటు, వంకరపోతుంది లేదా పగులుతుంది.

అపోహ: వానలో నిలిపిన బండి ఉదయం కదలకపోతే బ్రేక్ పాడైనట్టే.

కాదు. తడిసిన డిస్కుకు, ప్యాడుకు మధ్య రాత్రికి రాత్రే తుప్పు పొర కడుతుంది. టక్కుమని విడిపోయి, ఆపై హాయిగా దొర్లితే పట్టించుకోనక్కర్లేదు. ఊరెళ్తూ రోజుల తరబడి నిలిపేటప్పుడు చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించేయడం మేలు.

ఏ మరమ్మతు చేసినా బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ లాగాలి. కొన్ని కిలోమీటర్లు తిప్పుకొచ్చి రెండు వెనక డిస్కుల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి, చేత్తో కాదు. అంకెలు దగ్గరగా ఉంటే పని అయినట్టు. ఒక పక్క బాగా ఎక్కువ చూపిస్తే మళ్లీ కేబుల్ ఊడదీయడంతో మొదలుపెట్టాలి.